గింజల సొరుగుల్లో ఎత్తులు

గెలవడం ఎట్లా ఉంటుందో రంగెల్‌కి తెలియదు. పోనీ ఓడిపోవడమైనా సరిగ్గా చేతనవుతుందా అంటే, అదీ కాదని గెంచో పదకొండేళ్ళుగా పోస్టుకార్డుల మీద రాసి పంపుతూనే ఉన్నాడు.

వాళ్ళిద్దరూ ఆడేది చదరంగమే, కాకపోతే తిరగేసిన చదరంగం. బల్ల అదే, పావులు అవే, నడకలూ అవే. అవతలివాడి పావు నీకు అందితే మాత్రం తిని తీరాలి. వద్దులే, కడుపు నిండింది అంటే కుదరదు. ఎవడి పావులన్నీ ముందు అయిపోతాయో వాడిదే గెలుపు. రాజుకి కూడా ఇందులో మర్యాద లేదు, బంటు చచ్చినట్టే చస్తాడు. అందుకే రంగెల్‌కి ఈ ఆటంటే ఇష్టం. బయట లోకంలో ఎక్కడా అట్లా జరగగా అతను చూడలేదు.

రంగెల్‌కి యాభై ఒకటి. ఏడో తరగతిలో బడి మానేసి చక్కెర ఫ్యాక్టరీలో చేరాడు. కాటా మీదికి చక్కెర దుంపల లారీ ఎక్కుతుంది, బరువు రాసుకుంటాడు. లారీ దిగుతుంది, ఇంకోటి ఎక్కుతుంది. ముప్ఫై ఏడేళ్ళుగా అదే పని. పెళ్ళి చేసుకోలేదు, లేక జరగలేదు, ఏదైతేనేం. అక్క నెవెనా ఇంట్లో కింది గదిలో ఉంటాడు. పై వాటాలో అక్క, బావ వెలిన్. బావ ఊళ్ళో బడికి హెడ్మాస్టరు. అన్నం దగ్గర కూడా హెడ్మాస్టరే.

"ఓడిపోతే గెలిచే ఆటట!" అంటాడు బావ, గెంచో కార్డు వచ్చినప్పుడల్లా. "ఒరేయ్ రంగెల్, అది నీకోసమే కనిపెట్టారనుకున్నాను. అందులోనూ తొమ్మిదిసార్లు ఓడావంటే, నీది మామూలు తెలివి కాదురా."

నిజమే, తొమ్మిది ఆటలు ఆడితే తొమ్మిదీ గెంచోవే. ఈ పదోది వేరు. దేశం మొత్తం మీద ఈ ఆట ఆడేవాళ్ళు ముప్ఫై మంది ఉంటే గొప్ప. వాళ్ళకి రాజధాని సోఫియాలో ఒక సంఘం, ఆ సంఘానికి మూడేళ్ళకోసారి ఒక పోటీ. ఈసారి మిగతా ఆటలన్నీ ముగిశాయి, ఇదొక్కటే మిగిలింది. రంగెల్ గెలిస్తే మొదటి స్థానం రంగెల్‌ది. ముద్ర వేసిన మాస్టర్ పట్టా ఇస్తారు. రంగెల్ పేరు మీద ఇంతవరకు పుట్టిన సర్టిఫికెట్టు తప్ప ముద్ర ఉన్న కాగితం ఇంకోటి లేదు. ఆ పట్టా చట్రం కట్టించి, బావ కూర్చునే కుర్చీకి ఎదురుగా, బావ తల ఎత్తితే కనిపించేట్టు తగిలించాలని ఎప్పుడో అనుకున్నాడు. మేకు కూడా కొట్టి ఉంచాడు.

అందులోనూ ఈసారి అతనిదే పైచేయి. బల్ల మీద అతనివి నాలుగే మిగిలాయి, గెంచోవి ఏడు.

నవంబరులో మింకో రోడోపీ కొండల మీదికి కలప కోసం లారీ తీసుకెళ్ళాడు. మింకో ఫ్యాక్టరీ డ్రైవరు, నోటికి తాళం లేని మనిషి. గెంచో వాళ్ళ ఊరు గోర్నా లిపా ఆ దారిలోనే. పదకొండేళ్ళలో గెంచోని రంగెల్ కళ్ళతో చూసింది లేదు. చలికాలం వస్తోంది కదా అని, ఇంట్లో కాచిన రాకియా, అదే పళ్ళ సారా, ఒక సీసా మింకో చేతికిచ్చి పంపాడు.

మూడో రోజు మింకో లారీ కాటా ఎక్కించి, దిగి, సీసా తెచ్చి కిటికీలో పెట్టాడు.

"ఇదిగో అన్నా, నీ సీసా. మూత కూడా తియ్యలేదు, కావాలంటే వాసన చూసుకో."

"ఏం, వద్దన్నాడా?"

"వద్దనడానికైనా మనిషి ఉండాలిగా. తలుపు మీద కాగితం అంటించి ఉంది. ఫొటోతో."

ఆ కాగితాలు ఏ ఊళ్ళోనైనా ఉంటాయి, తలుపుల మీద, కరెంటు స్తంభాల మీద, బస్టాపుల్లో. పోయినవాడి ఫొటో, నల్ల అంచు, పోయి ఎన్నాళ్ళయిందో పైన పెద్ద అక్షరాల్లో.

"నలభై రోజులదా?" అన్నాడు రంగెల్.

"ఆరు నెలలది."

"ఇంకెవరిదో చూసుంటావు."

"గెంచో ముతాఫొవ్. విత్తనాల కొట్టు గెంచో. అరవై మూడేళ్ళు. చదవడం నాకూ వచ్చన్నా, నువ్వు కాటా చీటీ మీద గీకేది తప్ప ఏదైనా చదవగలను. ఏమైంది, అట్లా పాలిపోయావ్? బాకీ గానీ ఉన్నాడా?"

రంగెల్ చొక్కా జేబులో కార్డు ఉంది. గెంచో రాసిందే, మొన్న మంగళవారం వచ్చింది.

ఆ సాయంత్రం అన్నం దగ్గర విషయం బయటపెట్టాడు. నెవెనా గరిటె అక్కడే వదిలేసి, దేవుడంటే నవ్వే మొగుడి వంక ఓసారి చూసి, బల్ల కింద చెయ్యి పెట్టి శిలువ గుర్తు వేసుకుంది. వెలిన్ మాత్రం పళ్ళెం పక్కకి జరిపి హుషారుగా లేచాడు.

"అయితే గెలిచేశావు కదరా! అవతలివాడు పోతే ఆట బతికున్నవాడిదే, అది నిబంధన. నువ్వే కదా ఆ నిబంధనల పుస్తకం నాచేత చదివించుకుంది? సోఫియాకి ఒక ఉత్తరం రాస్తే పట్టా ఇంటికొస్తుంది."

"చచ్చినవాడి మీద గెలుపు..."

"పట్టా మీద అది రాయరురా పిచ్చివాడా. ఉత్తరం నేను రాసిపెడతాను, నీ అక్షరాలు చూస్తే వాళ్ళు నువ్వే పోయావనుకుంటారు."

"మరి ఆరు నెలలుగా కార్డులు ఎవరు రాస్తున్నారు బావా?"

లేచిన వెలిన్ మళ్ళీ కూర్చున్నాడు. పొయ్యి మీద చిక్కుళ్ళు ఉడుకుతున్నాయి.

"ఆ కార్డులు ఇంట్లో పెట్టకురా," అంది నెవెనా చివరికి. "దండం పెడతాను. కాటా గదిలో పెట్టుకో."

ఆదివారం కాటా గదిలో కూర్చుని కార్డులన్నీ వరసగా పేర్చాడు. ఆ కార్డుల్లో పెద్దగా రాసేది ఏముంటుంది, నాలుగు అంకెలు: ఏ గడిలోంచి ఏ గడిలోకి. కింద రెండు తేదీలు: నీ కార్డు అందింది ఎప్పుడు, జవాబు వేసింది ఎప్పుడు. గెంచో మాటలు ఎక్కువ రాసే మనిషి కాదు. అతను వేసే 2 అంకె మాత్రం ఎక్కడున్నా గుర్తుపట్టొచ్చు, మెడ వంచి నీళ్ళలోకి చూస్తున్న బాతులాగా, తోక బారుగా వెనక్కి లాగి. మేలో మనిషి పోయాడు. మే తర్వాత వచ్చినవి పదకొండు కార్డులు. పదకొండింటిలోనూ ఎత్తులు గెంచో బాతులే. కింద తేదీల్లో మాత్రం బాతులు లేవు, ఎవరో బడిపిల్ల రాసినట్టు గుండ్రటి అంకెలు.

ఎత్తులు రాసినవాడు ఒకడు, తేదీలు వేసినవాళ్ళు ఇంకొకరు. ఇది ఇన్నాళ్ళూ కంటికి ఆనలేదు. రంగెల్‌కి చెమట పట్టింది. బయట మంచు పడుతోంది.

బావ రాసిపెట్టిన ఉత్తరం, స్టాంపుతో సహా, కోటు లోపలి జేబులో పెట్టుకుని మరుసటి వారం గోర్నా లిపాకి రైలెక్కాడు. రైలు దిగి రెండు బస్సులు. మనిషి పోయిన ఇంటిని వెతుక్కోవడం కష్టం కాదు, స్తంభాల మీద ఫొటోలు దారి చూపిస్తాయి. గెంచో మొహం అప్పుడే చూశాడు రంగెల్. పల్చటి మీసం, ఒక కన్ను కొంచెం మూసి, అవతలివాడు ఏం చేస్తాడో ముందే తెలిసి, చేసేదాకా ఆగుదాంలే అనుకునే మొహం.

తలుపు తీసిన ఆవిడ నల్ల రుమాలు కట్టుకుంది. పొట్టి మనిషి, చేతులకి పిండి. గెంచో పెళ్ళాం త్సోనా.

"రంగెల్‌వే కదూ?" అంది. "కాస్త ఆగు."

లోపలికి వెళ్ళింది. ఏదో సొరుగు లాగిన చప్పుడు. వచ్చి చేతిలో ఒక కార్డు పెట్టింది. గెంచో రాతే: *గుమ్మంలో నిలబడకు, చలి లోపలికొస్తుంది. త్సోనా చిక్కుళ్ళ పులుసు పెడుతుంది. ఆట గురించి ఆమెని విసిగించకు, ఆమెకేం తెలియదు.*

రంగెల్ గుమ్మంలోనే నిలబడి కార్డు మళ్ళీ చదివాడు. ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి లాగాల్సి వచ్చింది.

పులుసు నిజంగానే పెట్టింది. రంగెల్ రెండు చెంచాలు కష్టం మీద మింగి, ఇక ఆగలేక అడిగేశాడు.

"వదినా, దాచొద్దు. ఆడుతున్నది ఎవరు? నువ్వా?"

"నాకు గుర్రానికీ గాడిదకీ తేడా తెలియదయ్యా. నేను సొరుగులు లాగుతాను, తేదీ వేస్తాను, పోస్టు డబ్బాలో పడేస్తాను. అంతే."

గోడకి ఒక పాత బీరువా ఉంది, నిలువెత్తుది, నిండా చిన్న చిన్న సొరుగులు. సహకార సంఘం వాళ్ళు విత్తనాల కొట్టుకి కొత్తది కొన్నప్పుడు ఈ పాతది గెంచో ఇంటికి తెచ్చుకున్నాడు. ప్రతి సొరుగు మీదా కాగితం ముక్క: మిరప, గుమ్మడి, ముల్లంగి, పాలకూర. గింజలు ఎప్పుడో పోయాయి. సొరుగుల నిండా దారం కట్టిన కార్డుల కట్టలు.

"రెండు చలికాలాలు మంచం మీదే ఉన్నాడు, ఊపిరితిత్తులు," అంది త్సోనా. "పొద్దస్తమానం ఇవే రాయడం. అన్నం చల్లారిపోతున్నా పట్టదు. నీ కార్డు వస్తుంది, అందులో నీ నాలుగంకెలు ఉంటాయి కదా, అవే అంకెలు ఏ కార్డు వెనక పెన్సిల్‌తో రాసి ఉంటే ఆ కార్డు నీకు పంపాలి. ఆ కార్డు మూలన తర్వాత ఏ సొరుగో ఉంటుంది. పెన్సిల్ రాతలు చెరిపేసి పంపుతాను. మిగతా కార్డులు పొయ్యిలో."

"పొయ్యిలోనా? ఎందుకు?"

"అవి ఇంక జరగవట. జరగనివి ఇంట్లో ఉంచొద్దన్నాడు."

రంగెల్ లేచి బీరువా దగ్గరికి వెళ్ళాడు. ఒక్క సొరుగు, ఒక్కటి లాగితే చాలు. తను ఏం చేయబోతున్నాడో, దానికి గెంచో ఏం జవాబు చెబుతాడో, అంతా వేళ్ళకి అందే దూరంలో ఉంది. చెయ్యి చాపేసరికి త్సోనా అడ్డంగా వచ్చి నిలబడింది. ఆవిడ తల అతని ఛాతీ దాకా కూడా రాదు.

"వద్దు. రొట్టె, ఉప్పు మీద చెయ్యి పెట్టించి మాట తీసుకున్నాడు."

"వదినా, ఒకడు వేసే ఎత్తులన్నీ ఇంకొకడు ముందే రాసి పెట్టడం జరిగే పని కాదు."

"నేనూ అదే అన్నాను. నువ్వేం దేవుడివా అన్నాను. దానికేమన్నాడో తెలుసా? దేవుడికి అందరూ కావాలి, నాకు రంగెల్ ఒక్కడు చాలు అన్నాడు."

తిరుగు బస్సులో రంగెల్ ఒళ్ళంతా మండిపోయింది. భయం సగం, అవమానం సగం. యాభై ఒక్క ఏళ్ళ మనిషి మిరప గింజల సొరుగులో ఇమిడిపోయాడు! బావ దృష్టిలో ఎందుకూ పనికిరానివాడు. ఫ్యాక్టరీ దృష్టిలో కాటా పక్కనుండే ఇంకో కాటా. ఇప్పుడు చచ్చినవాడి దృష్టిలో కూడా నాలుగంకెలేనా? జేబులోని ఉత్తరం డబ్బాలో వేసేస్తే ఒక్క నిమిషంలో తేలిపోతుంది. వెయ్యలేదు. గెలవాలి. బల్ల మీదే గెలవాలి. ఆ బీరువాలో లేని ఎత్తు ఒకటి వేసి, త్సోనా సొరుగులన్నీ వెతికి, ఖాళీ చేతులతో నిలబడేట్టు చెయ్యాలి.

నాలుగు ఆదివారాలు కాటా గదిలో బల్ల ముందు కూర్చున్నాడు. తెలివైనవాడు వేసే ఎత్తులన్నీ గెంచో రాసే ఉంటాడు. తెలివితక్కువవి కూడా రాసే ఉంటాడు, రంగెల్ సంగతి తెలుసు కనక. ఎవడికీ తోచనిది కావాలి. ఇట్లా వేస్తే అట్లా, అట్లా వేస్తే ఇట్లా అని పావులు జరిపి చూస్తూ, తీస్తూ, పెడుతూ, చివరికి ఏనుగుతో ఒక ఎత్తు దొరికింది. చూడటానికి పిచ్చిగా ఉంది, లెక్క మాత్రం సరిగ్గా కుదిరింది. నాలుగంకెలు కార్డు మీద రాసి, డబ్బాలో వేసి వచ్చి, చాలా రోజుల తర్వాత ఈల వేసుకుంటూ రొట్టె తిన్నాడు.

ఉత్తరాల మీద ఆడేవాళ్ళకి తప్ప ఇంకెవరికీ రాని జబ్బు ఒకటి ఉంది. ఎదురుగా మనిషి ఉంటే బల్లని అట్లా కెలకనివ్వడు. ఒంటరిగా కూర్చుని పావులు తీసి, జరిపి, ఆలోచించి, తర్వాత దేన్ని మళ్ళీ ఎక్కడ పెట్టాలో ఆ ఒక్కటీ మర్చిపోతారు. రంగెల్ ఇదివరకే రెండు ఆటలు అట్లా పోగొట్టుకున్నాడు.

మర్నాడు లారీ బరువు రాస్తూ పెన్సిల్ కోసం కోటు జేబులో చెయ్యి పెడితే గుర్రం తగిలింది. తన గుర్రమే.

అతనికి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. లెక్క వేసేటప్పుడు ఎప్పుడో తీశాడు, బయట లారీ హారన్ మోగింది, గుర్రాన్ని జేబులో వేసుకుని పరిగెత్తాడు. తిరిగి వచ్చి గుర్రం లేని బల్ల చూసి ఎత్తు వేశాడు. రాసి పంపిన ఎత్తు వెనక్కి తీసుకోవడం లేదు. ఆట మునిగింది.

మునిగినా, ఒక రకంగా ఊపిరి పీల్చుకున్నాడు. ఇది మాత్రం గెంచో రాసి ఉండడు. ఇది ఎవడి ఆలోచనా కాదు, తనది కూడా కాదు. లారీ హారన్ ఆలోచన. సొరుగుల్లో దీనికి కార్డు ఎక్కడుంటుంది?

పన్నెండో రోజు కార్డు వచ్చింది. నాలుగంకెలు, అందులో ఒక బాతు. దాని కింద:

*గుర్రాన్ని మళ్ళీ బల్ల మీద పెట్టలేదు కదూ. కోటు జేబులో చూసుకో.*

ఆ పూట రంగెల్ మూడు లారీల బరువు తప్పు రాశాడు. మింకో కిటికీలోంచి తల పెట్టి, "అన్నా, నా లారీ బరువు నాలుగు కిలోలట, ఉత్తినే ఎత్తుకుపొమ్మంటావా?" అన్నా తల ఎత్తలేదు.

అక్కణ్ణించి ఆట అతని చేతిలో లేదు. గెంచో తన పావుల్ని ఒక్కొక్కటే తెచ్చి ఆ గుర్రం ముందు పెట్టాడు. తినక తప్పదు. గుర్రం తిన్నది. ఇంకోటి పెట్టాడు, మళ్ళీ తిన్నది. జనవరిలో ఏనుగు, ఫిబ్రవరిలో రాజు. ఒక్కో కార్డు మీద నాలుగంకెలు తప్ప మాట లేదు. ప్రతిసారీ గెంచో పావుని తీసి పక్కన పెడుతుంటే రంగెల్‌కి, చచ్చినవాడు తన సామాను ఒక్కొక్కటే తెచ్చి అతని గుమ్మంలో దించి పోతున్నట్టుంది. తలుపు వేసుకునే వీలు లేదు. ఉన్నదంతా పోగొట్టుకున్నవాడే గెలిచే ఆటలో, ప్రాణమే పోగొట్టుకుని కూర్చున్నవాణ్ణి ఎవడు ఓడించగలడు?

మార్చి నెలాఖరుకి గెంచోది ఒక్క బంటు మిగిలింది. అది గుర్రానికి ఎదురుగా ఉంది. రంగెల్‌కి వేరే ఎత్తు లేదు. తింటే ఆట గెంచోది, పట్టా గెంచోది.

రంగెల్ కార్డు రాయడం మానేశాడు.

"ఇప్పటికైనా ఆ ఉత్తరం పడెయ్యరా," అన్నాడు వెలిన్. "వాడు పోయాక వేసిన ఎత్తులేవీ చెల్లవు. ఆ మేకు చూసి చూసి నాకు కళ్ళు నొప్పులు పుడుతున్నాయి, దానికేదో ఒకటి తగిలించు."

రంగెల్ ఉత్తరం జేబులోంచి తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. జవాబు గడువు ముప్ఫై రోజులూ గడిచాయి. ముప్ఫై ఎనిమిదో రోజు గోర్నా లిపా నుంచి కార్డు: *రంగెల్, నీ జవాబు రాలేదు. అలిగావు. గడువు ఇంకో ముప్ఫై రోజులు.*

అప్పుడు పోస్టాఫీసుకి వెళ్ళి, గోర్నా లిపా పోస్టాఫీసుకి ఫోన్ కలిపించి, త్సోనాని పిలిపించాడు. గంటసేపు చెక్క పెట్టెలాంటి ఆ గదిలో నిలబడితే ఆవిడ గొంతు వచ్చింది, ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు.

"వదినా, సొరుగుల్లో ఇంకా ఎన్ని ఉన్నాయి?"

"ఒకటే. పాలకూరలో."

"అందులో ఏముంది?"

"అది నీకు కాదు. మీ అక్క పేరు మీద ఉంది. నెవెనా అంటే మీ అక్కే కదూ? చుట్టూ నల్ల అంచు గీశాడు."

రంగెల్ ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాడు.

"చదువు."

"*అమ్మా నెవెనా, మీ తమ్ముడు పోయినందుకు నా సానుభూతి. చివరిదాకా ఒక్క జవాబు కూడా ఎగ్గొట్టని మనిషి.* కింద తేదీ ఖాళీ. తేదీ నేను వెయ్యాలి."

"ఎప్పుడు పంపమన్నాడు?"

"ఈ గడువు లోపల నీ నాలుగంకెలు రాకపోతే."

"నేను బతికే ఉన్నాను కదా వదినా! నీతో మాట్లాడుతున్నాను కదా!"

"నేనూ వింటున్నాను కదయ్యా. ఆయన మాత్రం అంకెలే చెప్పాడు, ఫోన్ సంగతి చెప్పలేదు." కాసేపు గరగరమని చప్పుడు. "మాట ఇచ్చాను రంగెల్. ఇంతవరకు ఆయన రాసిన కార్డు ఒక్కటీ తప్పు పోలేదు. నాకు భయమేస్తోంది. ఆ నాలుగంకెలేవో రాసి పడెయ్, నీకు పుణ్యముంటుంది."

బయటికి వచ్చాడు. మే నెల ఎండ, వీధంతా తెల్లగా ఉంది. పోస్టు డబ్బా ముందు నిలబడి జేబులోంచి రెండూ తీశాడు, ఒక చేతిలో బావ ఉత్తరం, ఇంకో చేతిలో ఖాళీ కార్డు. ఉత్తరం వేస్తే పట్టా. మేకుకి పట్టా, పట్టా మీద ముద్ర, బావ నోటికి తాళం. దాంతో పాటే అక్క చేతికి నల్ల అంచు కార్డు. గెంచో రాసింది ఒక్కటీ తప్పు పోలేదు. కోటు జేబు కూడా తప్పు పోలేదు. ఆ ఖాళీ తేదీలో గుండ్రటి అంకెలు పడ్డాయనుకో, ఆ తర్వాత?

భయం ఒక్కటే అయితే ఉత్తరం వేసేసేవాడేమో. ఇంకోటి కూడా ఉంది, అది తనకి తాను చెప్పుకోవడానికి కూడా సిగ్గుపడ్డాడు. కన్న తల్లికి తెలియదు అతని కోటు జేబులో ఏముంటుందో. ఒకే ఇంట్లో ఉంటున్న అక్కకి తెలియదు అతనికి ఎప్పుడు అలక వస్తుందో. ఒక్కడు, రెండు చలికాలాలు, ఊపిరాడక, కూర్చుని అతన్ని చదివాడు. ఈ ఉత్తరం వేస్తే ఆ చదివినవాడు చచ్చిపోయాడని తనే సంతకం పెట్టినట్టు.

డబ్బా మీదే కార్డు పెట్టి నాలుగంకెలు రాశాడు. గుర్రం బంటుని తిన్నది. కార్డు లోపల పడిన చప్పుడు విన్నాక ఉత్తరాన్ని నిలువుగా చించాడు.

జూన్‌లో సోఫియా నుంచి ఫలితాలు వచ్చాయి. మొదటి స్థానం గెంచో ముతాఫొవ్. పట్టా గోర్నా లిపాకి పోయింది. బావ వారం రోజులు నవ్వాడు. "చచ్చినవాడి చేతిలో ఓడినవాణ్ణి నా సర్వీసులో చూడలేదురా," అన్నాడు. నవ్వాడు గానీ, ఆ వారం తర్వాత ఎందుకో ఆటలో కలగజేసుకోవడం మానేశాడు. మేకు అట్లాగే ఉంది.

త్సోనా తనే ఫోన్ చేయించింది.

"పట్టా వచ్చింది. తలుపు మీద, ఫొటో పక్కన అంటించాను. వాన పడితే పోతుందేమో మరి. అది కాదు గానీ, ఈ నల్ల కార్డు ఏం చెయ్యను? ఇది పొయ్యిలో వెయ్యమని చెప్పలేదు. ఉంచమనీ చెప్పలేదు. ఆట అయిపోయాక ఏం చెయ్యాలో ఎక్కడా రాయలేదు."

"అంకెలు రాకపోతే పంపమన్నాడు, అంతే కదా?"

"అంతే."

"అయితే అంకెలు వస్తూనే ఉంటాయి వదినా."

"ఎవరితో ఆడతావు? సొరుగులన్నీ ఖాళీ. ఒట్టు."

"నువ్వు తేదీ వేసి పంపు. ఇంకేం రాయొద్దు."

ఆదివారం కాటా గదిలో పావులన్నీ కొత్తగా పేర్చాడు. గుర్రాలు రెండూ ఉన్నాయో లేదో రెండుసార్లు లెక్కపెట్టి, జేబులు తడిమి చూసుకున్నాడు. పదకొండో ఆట. తెల్లవి తనవి. 5253 అని రాసి డబ్బాలో వేశాడు.

పదమూడో రోజు జవాబు వచ్చింది. త్సోనా మాట తప్పలేదు. కింద గుండ్రటి అంకెల్లో రెండు తేదీలు, పైన ఎత్తు రాసేచోట ఏమీ లేదు.

కార్డుని బల్ల పక్కన పెట్టుకుని రంగెల్ నల్ల పావుల వంక చూశాడు. పెద్దగా ఆలోచించాల్సిన పని పడలేదు. దీనికి గెంచో ఏం వేస్తాడో తెలుసు. పదకొండేళ్ళుగా తెలుసు, తెలుసన్న సంగతే తెలియదు. చెయ్యి తనంతట తానే వెళ్ళి రెండో నిలువు వరసలోని నల్ల బంటుని రెండు గడులు ముందుకి జరిపింది. ఎత్తు వేశాక రాయకపోతే లెక్కలోకి రాదు. పెన్సిల్ తీసి, ఖాళీ చోట 2725 అని రాసి, కార్డు కిటికీ వెలుతురులోకి ఎత్తి పట్టుకున్నాడు.

రంగెల్ జీవితమంతా 2 అంకెని కొక్కెంలా రాసేవాడు, కాటా చీటీలన్నింటి మీదా అదే కొక్కెం.

కార్డు మీద బాతులు రెండూ మెడలు వంచి, తోకలు బారుగా వెనక్కి లాగి, నీళ్ళలోకి చూస్తున్నాయి.

బయట లారీ హారన్ మోగింది. రంగెల్ లేచే ముందు బల్ల మీద పావులన్నీ ఒక్కసారి లెక్కపెట్టుకున్నాడు, తనవి పదహారు, గెంచోవి పదహారు.